వాడి కుడివైపు

ఈ రేకు బెంచీ పొద్దున కూర్చున్నప్పుడు ఐసుముక్కలా ఉంది, ఇప్పుడు నా ఒంటి వేడి పట్టి సొంత కుర్చీలా అయిపోయింది, లేవబుద్ధి కావడం లేదు. ఆకాశం నిండా మబ్బు. మార్చి నెలాఖరులో మా మిసిసిపీ నేల మీద మబ్బు కమ్మిందంటే అది కురవదు, పోదు, తడిపిన దుప్పటి ఆరేసినట్టు వేలాడుతూ ఉంటుంది, దాని కింద మనుషుల మాటలు నీళ్లలో తల ముంచి విన్నట్టు మెత్తగా, దూరంగా వినిపిస్తాయి. కింద పచ్చగడ్డి మీద టోపీలవాళ్లు తిరుగుతున్నారు, ఒక టోపీ మీద పక్షి, ఒకదాని మీద ఎలుగు, ఒకదాని మీద ఏదో గుర్రం, అందరి మెడల్లోనూ తాళ్లకు వేలాడే, పరుగు కొలిచే గడియారాలు. పెద్ద జట్లు పంపిన మనుషులు వీళ్లు. వచ్చే నెలలో డ్రాఫ్ట్ అని ఒకటి జరుగుతుంది, బంతిని చేత పట్టి ఆడే మా ఫుట్‌బాల్‌లో దేశంలో ఉన్న జట్లన్నీ కూర్చుని కాలేజీ కుర్రాళ్లలో ఎవరు ఎవరికి కావాలో వంతులవారీగా పేర్లు పిలుచుకుంటాయి. ఆ పిలుపులో పేరు పలకాలంటే ముందు ఈ టోపీలవాళ్ల కంటికి ఆనాలి. ఇంత చిన్న కాలేజీకి వాళ్లు రావడమే గొప్ప, వచ్చింది ముఖ్యంగా మా ఓరియన్ కోసమేనని కోచ్ మొన్న నాతో గుసగుసగా అన్నాడు. ఓరియన్ నా కూతురి కొడుకు. తలుపులోంచి పక్కకు తిరిగి రావాల్సినంత మనిషి. అదిగో, తెల్ల బనీనులో, ఒళ్లు విరుచుకుంటున్న వరుసలో ఆ కొసన. ఎడమ కొసన. ఎక్కడికి వెళ్లినా వాడు ఎడమ కొసనే నిలబడతాడు, ఎందుకో ఈ మైదానంలో నాకూ నా పక్కన కూర్చున్న లుబర్టాకీ తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదని వాడి కోరిక.

లుబర్టా మా ఆయన చెల్లెలు, పెద్దరికం వచ్చిందిగానీ నోటికి ఇంకా పాతికేళ్లే. పొద్దున లోపల వాడిని నిక్కరు మీద బల్ల ఎక్కించి, ఎత్తు, బరువు, చేతి పొడవు, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసదాకా అరచేతి వెడల్పు కొలిచి ఒకాయన అంకెలు అరుస్తుంటే తక్కినవాళ్లంతా తలలు వంచుకుని రాసుకున్నారు.

"పళ్లొక్కటే చూడలేదు వదినా, నోరు కూడా తెరిపిస్తే ఓ పనైపోను," అంది లుబర్టా.

"ఊరుకోవే, వింటారు."

"విననీ. మీ నాన్న కంచరగాడిదను కొన్నప్పుడు కూడా ఇంత కొలవలేదు."

నేను నవ్వాననుకుంటాను. కానీ ఆ అంకె అరిచిన గొంతు ఎక్కడో విన్నాను, అక్కడే ఉండిపోయాను కాసేపు. పత్తి చేను చివర బండి, బండి పక్కన కొయ్యకు వేలాడే తూకం కొక్కెం, మా అమ్మ వంగి తన సంచీని దానికి తగిలిస్తుంది, తూకం మనిషి ఒక అంకె అరుస్తాడు, ఆ అంకె మా అమ్మ కాదు, కానీ సాయంత్రానికి అందరూ మా అమ్మను ఆ అంకెతోనే తలుచుకుంటారు. నేను బండిలో దూదిలో మెడదాకా కూరుకుని ఆకాశం చూస్తూ ఉండేదాన్ని. దూదిలో పడుకుంటే ఏ శబ్దమూ రాదు. లోకం పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నట్టుంటుంది. రెండూ ఒకటి కావు, నాకు తెలుసు, మా అమ్మ ఎన్నడూ ఆ కొక్కెం దగ్గర నవ్వలేదు, వీడు బల్ల మీద నవ్వాడు, తన కాళ్ల మీద తనే ఎక్కాడు, ఇది వాడు అడిగి తెచ్చుకున్న తూకం. అయినా, ఆ అరచెయ్యి వాడు పుట్టిన రోజున నా బొటనవేలిని పట్టుకుని వదలలేదు, ఆసుపత్రి నర్సు వచ్చి విడదీసింది, అప్పుడెవరూ దాన్ని కొలవలేదు.

దూదిలో శబ్దం రాదు అన్నాను కదా. వాడి ఎడమ చెవిలో అదే దూది. బడిలో వేయకముందు ఒక వేసవి వాడికి దవడలు వాచి జ్వరం వచ్చింది, ముఖం గుమ్మడికాయంత అయింది, వాళ్లమ్మకు చేపల ఫ్యాక్టరీలో సెలవు దొరక్క నేనే వాడిని ఒళ్లో వేసుకుని, తడిగుడ్డ మారుస్తూ, పాటలు పాడుతూ ఉన్నాను, కిటికీ బయట మిడతలు కీచుమంటున్న ఆ మధ్యాహ్నాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి అంతా ఒకే పొడుగాటి మధ్యాహ్నమైంది. జ్వరం దిగింది. పిల్లాడు లేచి తిరిగాడు, తిన్నాడు, కాకపోతే పిలిస్తే కోడిపిల్లలా తల ఒక పక్కకు తిప్పి చూసేవాడు. మొండితనం అన్నారు బడిలో పంతులమ్మలు. ఒకరోజు వాడు బల్ల దగ్గర బొమ్మ గీసుకుంటుంటే వెనకనుంచి వెళ్లి ఎడమ పక్కన వంగి, పీచ్ పళ్ల కాబ్లర్ పొయ్యిలోంచి తీశాను, ఎవరికి కావాలి అని గుసగుసలాడాను. వాడు కదల్లేదు. కాబ్లర్ అంటే వీధి చివర నుంచి పరుగెత్తుకొచ్చే పిల్లాడు. నేను వాడి వెనకగా నడిచి కుడి పక్కకు వెళ్లి అదే మాట మళ్లీ అన్నాను. పెన్సిలు పారేసి లేచాడు. వాడికి అంత పెద్ద ముక్క పెట్టి, నేను వరండాలోకి వెళ్లి ఏప్రను కొంగులో ముఖం దాచుకున్నాను.

అప్పటినుంచి మా ఇంట్లో ఎవరూ చెప్పుకోలేదు, నేర్పుకోలేదు, అందరం వాడి కుడివైపుకు చేరిపోయాం. బల్ల దగ్గర వాడి కుర్చీ ఎడమ కొసన. చర్చిలో వాడి చోటు బెంచీకి ఎడమ కొసన, కుటుంబమంతా వాడి కుడిపక్కన వరుసగా, పాట వచ్చినప్పుడు ఆ వరుసంతా వాడి ఒక్క చెవిలోకి పాడుతున్నట్టుండేది. ఆటలోకి వెళ్తే అక్కడా వాడికి దొరికింది ఎడమ కొసే, వరుసలో ఎడమ చివరన నిలబడి బంతి విసిరేవాడి వీపు కాచే చోటు. తనవాళ్లంతా కుడిపక్కన. ఎడమపక్కన మీదికొచ్చేవాడు తప్ప ఎవరూ ఉండరు, వాడి కోసం చెవులు అక్కర్లేదు, కళ్లు చాలు. మా ఆయన ఎజ్రా బతికున్నన్నాళ్లూ పెరట్లో చిలగడదుంపకు దారం కట్టి నేల మీద పెట్టి, పిల్లాడిని ఎదురుగా వంగోబెట్టి, నోటికొచ్చిన కేకలన్నీ వేసేవాడు, ఆటలో అరిచినట్టు హట్ అనేవాడు, పాము అనేవాడు, మీ అమ్మ వచ్చింది అనేవాడు. పిల్లాడు కదలకూడదు, ఆటలో బంతికంటే ముందు కదిలితే తప్పు. దారం లాగి దుంప కదిలినప్పుడే కదలాలి. వాడు నవ్వు ఆపుకోలేక కిందపడి దొర్లేవాడు, కానీ ముందే కదిలేవాడు కాదు. ఆ దుంపలు తరవాత నేను ఉడికించేదాన్ని, దారం గుర్తు పడి ఉండేది తొక్కమీద.

కాలేజీకి ముందు, పెద్దబడిలో ఉన్న కోచ్‌కి మాత్రం చెప్పాం. ఆయన తలుపు వేసి, ఈ మాట ఇక్కడే ఉండనివ్వండి, లోపం అనే మాట ఒకసారి ఎక్కడైనా పడిందంటే కుర్రాడి పేరు కంటే ముందు దాన్నే చదువుతారు అన్నాడు. మంచివాడే, వీడి మంచికే అన్నాడు. అలా అది మా ఇంటి మాటగా ఉండిపోయింది. నిన్న సాయంత్రం వాడు నా వంటింటి గుమ్మానికి తల వంచుకుని వచ్చి నిలబడ్డాడు.

"అమ్మమ్మా, రేపు నీ దగ్గరికి ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. వాళ్లు కోచ్‌ని అడుగుతారు, హాస్టల్లో వంటామెను అడుగుతారు, నాకు జుట్టు కత్తిరించేవాడినీ అడుగుతారు. నిన్నూ అడుగుతారు. తియ్యగా అడుగుతారు."

"అడగనీ. నాకేం భయం."

"చెవి మాట ఎత్తకు."

"నేనెందుకు ఎత్తుతానురా."

"నువ్వు మాట్లాడ్డం మొదలెడితే ఆదాము దగ్గర్నుంచి వస్తావు కదా, దారిలో అదీ తగులుతుందని."

లేదన్నాను. బైబిలు మీద చెయ్యి వేయమన్నా వేసేదాన్ని. నా నోటిని నేను కట్టుకోగలను. కానీ మనిషికి నోరొక్కటే లేదు కదా, కాళ్లు కూడా ఉన్నాయి, వాటికి ఎవరూ జాగ్రత్త చెప్పలేదు.

ఇందాక ఏమైందంటే, ఒళ్లు వేడెక్కాక వాడు నీళ్ల సీసా తీసుకుని ఈ బెంచీల కింది కంచె దగ్గరికి వచ్చాడు, కంచె మీద మోచెయ్యి ఆనించి మైదానం వైపు తిరిగి నిలబడ్డాడు. ముఖం చూస్తే తెలిసింది, భయపడుతున్నాడు. నేను మెట్లు దిగాను. దిగిన చోట నాకు దగ్గరగా ఉన్నది వాడి ఎడమ భుజం. చెయ్యి చాపితే అందేంత దగ్గర. నేను ఆగలేదు, ఈ మోకాళ్లు వేసుకుని, ఆ ఎడ్లబండంత వీపు వెనకనుంచి చుట్టూ తిరిగి వాడి కుడిపక్కకు వెళ్లి, అప్పుడు నోరు విప్పాను. నా వెనకే లుబర్టా కూడా, బాతు వెనక బాతులా. ఊపిరి పీల్చుకో నాన్నా, అంతే, పరుగే కదా అన్నాను. లుబర్టా ఏదో వేళాకోళం చేసింది, వాడు నవ్వాడు, వెళ్లిపోయాడు. నేను తిరిగి తల ఎత్తేసరికి మైదానంలో అందరూ గడియారాలు చూసుకుంటున్నారు, ఒక్కాయన మాత్రం మమ్మల్ని చూస్తున్నాడు. కాగితం కప్పులో కాఫీ పట్టుకుని, ఎండకు తోలు లేచిన ముక్కుతో, మేమిద్దరు ముసలాళ్లం చుట్టూ తిరిగిన దారిని చూపుతో మళ్లీ నడుస్తున్నట్టు చూశాడు. ఇన్నేళ్ల మూట నేనే ముడి విప్పి నలుగురి నడుమ పరిచానా అనిపించింది.

ఇప్పుడు ఆయన మెట్లెక్కి వస్తున్నాడు.

"ఇక్కడ కూర్చోవచ్చా అమ్మా?"

"కాలేజీ బెంచీ నాయనా, మేమేం కొనుక్కోలేదు," అంది లుబర్టా.

కూర్చున్నాడు. పేరు క్రెన్షా అట, ఉత్తరాన మంచు పడే ఊరి జట్టు అట, ఆటల కాలమంతా కారులోనే బతుకుతాడట, భార్య ఆయన్ని చూసినప్పుడల్లా ఎవరు మీరు అని అడుగుతుందట. వాడు ఏం తింటాడు అని అడిగాడు, ఏం తినడో చెప్తే తొందరగా అయిపోతుంది అన్నాను. కోపం వస్తే ఏం చేస్తాడు అని అడిగాడు, గిన్నెలు తోముతాడు అన్నాను, నిజమే, వాడికి కోపం వచ్చిన రోజు మా ఇంట్లో అడుగంటిన బాణలి ఉండదు. ఆయన నవ్వుతూ వింటున్నాడు, వినే మనిషి దొరికితే నాకు నోరు ఆగదు, ఎజ్రా సంగతి చెప్పాను, ఎజ్రా వాళ్ల నాన్న వరదలో కోళ్లను ఇంటికప్పు మీదికి ఎక్కించిన సంగతి చెప్పాను, మాటల్లో ఆయనను ఎక్కడికో దూరంగా నడిపించుకుపోతున్నాను, దారి మరిచిపోతాడేమో అని. ఆయన మరవలేదు.

"పోయినేడు ఆడిన ఆటలన్నీ వీడియోలు వేసుకుని చూశానమ్మా. ఆ రొదలో, ఆ కేకల్లో ఎంత గట్టివాడైనా ఒకసారి తొందరపడి బంతికంటే ముందు కదులుతాడు. మీవాడు ఒక్కసారి కూడా కదల్లేదు. ఎందుకా అనుకున్నాను. తల కాస్త కుడికి వంచి ఉంటాడు, ఎప్పుడూ. దానికీ ఎందుకా అనుకున్నాను."

నేను మైదానం చూస్తున్నాను.

"ఇందాక ఆ కంచె దగ్గర, అతని పక్కనే ఉండి కూడా మీరు చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి మాట్లాడారు. ఇద్దరూ. ఎందుకమ్మా?"

"ఎండ," అంది లుబర్టా టక్కున. "మా వదినకు ఎండ కళ్లలో పడిందండి, అందుకని."

క్రెన్షా మెల్లగా తల ఎత్తి ఆకాశం చూశాడు. నేనూ చూశాను. అటు చివర నుంచి ఇటు చివరదాకా ఒకటే మబ్బు. లుబర్టా కూడా చూసి, చేతిసంచీలో పిప్పరమెంటు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఒక్క మాట చాలు. నా మోకాలు నాయనా, అటు వాలు తక్కువ అంటే సరిపోతుంది. ఈయన పెద్దమనిషి, ముసలామె మోకాలిని కాదనడు, లేచి వెళ్లిపోతాడు, వాడు పరుగెత్తుతాడు, వచ్చే నెల పేరు పలుకుతుంది. మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. కానీ అదే గడియలో నాకు మంచు కనపడింది, నేనెప్పుడూ చూడని ఊరు, తెల్లగా, పొగలు కక్కుతూ, ఒక పెద్ద గది, పొడుగాటి బల్ల, వాడు ఎడమ కొస కుర్చీ వెతుక్కుంటున్నాడు, ఎవరో అప్పటికే అక్కడ కూర్చున్నారు. వాడు మధ్యలో కూర్చుంటాడు. ఎడమనుంచి ఎవరో పలకరిస్తారు, వాడు పలకడు, పొగరు అనుకుంటారు. ఎవరో జోకు చెప్తారు, వాడు ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాడు. ఎవరో జాగ్రత్త అని అరుస్తారు ఎడమనుంచి, దూదిలోకి అరిచినట్టు. ఆ ఊళ్లో అంతమంది జనంలో చుట్టూ తిరిగి వాడి కుడిపక్కకు నడిచే మనిషి ఒక్కరు లేరు. తెలిస్తే కదా నడిచేది. ఇంట్లో అందరం నోరు మూసుకుని కాళ్లతో వాడిని పెంచాం, ఆ కాళ్లు అంతదూరం రాలేవు. కానీ ఇటు వాడి ముఖం, గుమ్మం దగ్గర వంచిన తల, ఎత్తకు అమ్మమ్మా అన్న గొంతు. చెవి వాడిది. మాటా వాడిదే. ఇవ్వడానికి నేనెవరిని, దాచడానికి మాత్రం నేనెవరిని. నీళ్లలోంచి తల పైకెత్తినట్టు శబ్దాలన్నీ ఒక్కసారి దగ్గరికొచ్చాయి, ఈల, బూట్లు, ఎవరో దగ్గడం.

"నా మనవడి సంగతి నా నోటితో చెప్పను బాబూ," అన్నాను. "అడగాలనుకుంటే వాడినే అడుగు. కాకపోతే అడిగేటప్పుడు వాడి కుడిపక్కన నిలబడు."

లుబర్టా సంచీలో చెయ్యి ఆగిపోయింది.

క్రెన్షా ఖాళీ కాఫీ కప్పును నలిపి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు తెలిసింది నేను రాయాల్సి ఉంటుందమ్మా. నా ఉద్యోగమే అది."

"రాయి నాయనా. వాడు ఒక్కసారి కూడా ముందే కదల్లేదన్నదీ రాయి."

"అది డిసెంబరులోనే రాశాను," అని లేచాడు. ఒక మెట్టు దిగి, టోపీ ఎత్తి పెట్టుకున్నాడు. "పై వాళ్లు ఏమంటారో నా చేతిలో లేదు. ఆ మాట ఒకటికి రెండుసార్లు చెప్పడం మాత్రం నా చేతిలో ఉంది."

"వదినా," అంది లుబర్టా, ఆయన దిగిపోయాక, వేళాకోళం లేని గొంతుతో. "వాడు నిన్ను క్షమిస్తాడంటావా?"

"ఏమోనే."

నా చేతిలో పిప్పరమెంటు పెట్టింది. నోట్లో వేసుకున్నాను, రుచి తెలియలేదు. క్రెన్షా గడ్డి దాటుతున్నాడు, తొందర లేదు ఆ మనిషికి, పొలం చూడ్డానికి వచ్చిన రైతులా నడుస్తున్నాడు. ఓరియన్ బూటుతాళ్లు బిగించుకుని లేచాడు, ఎడమ భుజం ఇటువైపు. ఆయన ఆ భుజం దాకా వెళ్లాడు, ఆగాడు, వాడి వెనకనుంచి నెమ్మదిగా నడుచుకుంటూ అవతలికి వెళ్లి నిలబడ్డాడు. ఓరియన్ వీపు బిగుసుకోవడం ఇంత దూరం నుంచి నాకు కనిపించింది. ఆ వీపు నాకు తెలుసు, దానికి నూనె రాసినదాన్ని. ఆయన ఏదో అడిగాడు. వాడు తల తిప్పి బెంచీల్లో నన్ను వెతుక్కున్నాడు. నేను చూపు దించలేదు. దించితే మోసం చేసినదాన్ని అవుతాను, దించకపోతే ఏమవుతానో తెలియదు, ఊరికే వాడిని చూస్తూ కూర్చున్నాను, కాబ్లర్ రోజున చూసినట్టే. ఎంతసేపో. పత్తి చేను మీద పొద్దు ఇలాగే నిలబడిపోయేది. తరవాత వాడు ఆయన వైపు తిరిగి చెయ్యి ఎత్తి, తన ఎడమ చెవిని రెండు వేళ్లతో ముట్టుకుని, మాట్లాడ్డం మొదలుపెట్టాడు. చాలా మాట్లాడాడు. వాడంత మాట్లాడటం నేను మా బల్ల దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు. క్రెన్షా టోపీ తీసి చేత్తో పట్టుకుని వింటున్నాడు.

ఎవరో వాడి పేరు పిలిచారు. ముందు క్రెన్షా తల ఊపి అటు చూపించాడు, వాడు వెళ్లాడు, తెల్ల గీత దగ్గర వంగాడు, ఒక చెయ్యి నేలకు ఆనించాడు. అవతలి చివర టోపీలవాళ్లంతా వరుసగా నిలబడి గడియారాలు పైకెత్తారు, బొటనవేళ్లు బొత్తాల మీద.

"ఈల ఎప్పుడు ఊదుతారు?" అంది లుబర్టా. "వాడికి వినపడుద్దో లేదో."

ఈల లేదు. నాకిప్పుడే తెలిసింది. ముందు పరుగెత్తిన పిల్లల్ని చూశాను కదా, ఎవరూ ఊదలేదు, ఎవరూ పదమనలేదు. ఈ పరుగుకు కేక ఉండదు. కుర్రాడికి ఎప్పుడు కదలాలనిపిస్తే అప్పుడు కదులుతాడు, వాడు కదిలాకే ఆ గడియారాలన్నీ కదలాలి. అంతమంది పెద్దమనుషులు, అన్ని ఊళ్ల నుంచి, అంత దూరం కార్లు తోలుకొచ్చి, ఊపిరి బిగబట్టి, నా మనవడి వైపు చెవులు రిక్కించి నిలబడ్డారు. మబ్బు కింద ఒక్క చప్పుడు లేదు. వాడికి తొందర లేదు. నేల మీద ఆ చెయ్యి, దాని వెనక ఆ వీపు, ఊపిరి లోపలికి, బయటికి. కానివ్వు నాన్నా, నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు. వాళ్లు ఆగుతారు.

వాడు కదిలాడు.